సన్మానం సరే, డబ్బు సంగతేంటి? యుద్ధ బాధిత మహిళల పేరిట జరిగే గాలాల లోగుట్టు

యుద్ధంలో ఇల్లూ వాకిలీ, అయినవాళ్లూ పోగొట్టుకున్న ఆడవాళ్లని గౌరవించడానికి ఫైవ్ స్టార్ హోటల్లో విందు పెట్టి, టేబుల్ ఒక్కోటి పాతిక వేల డాలర్లకు అమ్మడం ఏంటి, ఆ డబ్బేదో నేరుగా వాళ్లకే పంపేయొచ్చు కదా? చారిటీ గాలా, అంటే విరాళాల కోసం పెట్టే ఖరీదైన విందు, ఫొటోలు ఎప్పుడు బయటికొచ్చినా ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. ప్రశ్న న్యాయమైనదే. కాకపోతే నా పేచీ విందుతో కాదు, చీరలూ గౌన్లూ పూలగుత్తులతో అసలే కాదు. ఆ రాత్రి స్టేజీ మీద ఆమె చేత ఏం చెప్పిస్తారు, ఆమెకు నిజానికి ఎవరు బాకీపడ్డారు, ఈ రెండింటి దగ్గరే అసలు చిక్కుంది. అక్కడికి వెళ్లే ముందు డబ్బు లెక్క తేల్చేద్దాం, ఎందుకంటే దాని మీదే అపోహలెక్కువ.

గాలాలో టికెట్లు విడిగానూ అమ్ముతారు గానీ అసలు రాబడి టేబుళ్ల మీద. పది సీట్ల టేబుల్‌ని ఏ బ్యాంకో, లా ఫర్మో, ఫ్యాషన్ కంపెనీయో కొంటుంది. న్యూయార్క్‌లో పేరున్న సంస్థల గాలాల్లో ఒక్కో టేబుల్ ధర పాతిక వేల డాలర్ల నుంచి లక్ష దాకా పలుకుతుంది. అందుకే ఆ సాయంత్రం అవార్డు అందుకునేవాళ్లలో రెండు రకాలుంటారు. ఒకరు కాంగో నుంచో ఇరాక్ నుంచో వచ్చిన బాధితురాలు. ఇంకొకరు ఏదో పెద్ద కంపెనీలో పై స్థాయి అధికారో, సినిమా నటో. ఆవిడకి అవార్డిస్తే ఆవిడ కంపెనీ, ఆవిడ క్లయింట్లు, ఆవిడ స్నేహితులు కలిసి ఐదారు టేబుళ్లు కొంటారు. ఇందులో రహస్యమేమీ లేదు, ఈ రంగంలో పనిచేసేవాళ్లందరికీ తెలిసిందే. ఎవరిని సన్మానించాలో చర్చించేటప్పుడు ఆమె ఎన్ని టేబుళ్లు తెస్తుందన్నది కూడా ఒక లెక్కే.

భోజనం మధ్యలో వీడియో వేస్తారు. తర్వాత బాధితురాలు మాట్లాడతారు, హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది, ఆ వేడి చల్లారకముందే వేలం పాడించే మనిషి స్టేజీ ఎక్కుతాడు. లక్ష డాలర్లు ఇచ్చేవాళ్లెవరు అని మొదలుపెట్టి యాభై వేలు, పాతిక వేలు, పది వేలు అంటూ చివరికి వంద డాలర్ల దాకా దిగుతాడు. చేతిలో నంబరున్న అట్ట ఎత్తితే పేరు రాసుకుంటారు. మన పెళ్లిళ్లలో మైకులో చదివింపులు చదివినట్టే, పక్కవాళ్లు ఎంత రాయించారో అందరికీ తెలిసిపోతుంది కాబట్టి మనం మరీ తగ్గలేం. వీడియో, ఆమె మాట, వేలం ఈ వరసలో రావడం కాకతాళీయం కాదు, గాలా డిజైనే అది.

ఇప్పుడు లెక్క. అమెరికాలో పన్ను మినహాయింపున్న సంస్థలు చాలావరకు ఏటా ఫారం 990 అనే పత్రం దాఖలు చేయాలి. గాలా లాంటి కార్యక్రమాల వివరాలు దానికి జతచేసే షెడ్యూల్ జి లో ఉంటాయి. అది తెరిచి చూసినవాళ్లు చాలామంది గుండె బాదుకుంటారు, ఎందుకంటే అక్కడ గాలాకి నష్టం వచ్చినట్టు కనిపిస్తుంది! ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోండి. గాలాకి మొత్తం 20 లక్షల డాలర్లు వచ్చాయనుకుందాం. అందులో అతిథులు తిన్న భోజనం, చూసిన కార్యక్రమం విలువ 3 లక్షలు, మిగతా 17 లక్షలు విరాళం. ఫారం ఏం చేస్తుందంటే ఆ 17 లక్షలనీ ముందే పక్కన తీసి విరాళాల పద్దులో వేస్తుంది. గాలా ఆదాయం కింద 3 లక్షలే మిగులుతాయి. హాలు అద్దె, భోజనాలు, కార్యక్రమాల ఖర్చు 6 లక్షలు అయిందంటే, చివరి గీత దగ్గర మైనస్ 3 లక్షలు అని పడుతుంది. నిజానికి చేతికి మిగిలింది 14 లక్షలు. అంటే డాలరుకి 30 సెంట్లు ఖర్చు. ఆ మైనస్ అంకెని స్క్రీన్‌షాట్ తీసి 'చూశారా దోపిడీ' అని తిప్పేవాళ్లని నమ్మకండి. అలాగని సంస్థ చెప్పే గొప్ప అంకెని కూడా పూర్తిగా నమ్మకండి. ఏడాది పొడవునా ఈ గాలా కోసమే పనిచేసే ఉద్యోగుల జీతాలు సాధారణంగా ఇక్కడ కాకుండా ఇంకో పద్దులో ఉంటాయి. అవి కలిపితే ఖర్చు పెరుగుతుంది.

మరి ఇంత ఖర్చుతో కూడుకున్న పని సంస్థలు ఎందుకు పెట్టుకుంటాయి? ప్రభుత్వాలూ పెద్ద ఫౌండేషన్లూ ఇచ్చే గ్రాంటుకి షరతులుంటాయి. ఫలానా జిల్లాలో ఫలానా శిక్షణకే వాడాలి, జనరేటర్ పాడైతే దాని రిపేరుకి అందులోంచి తీయడానికి లేదు. గాలాలో వచ్చే డబ్బుకి చాలావరకు ఆ పలుపుతాడు ఉండదు. యుద్ధం మళ్లీ మొదలై రాత్రికి రాత్రి ఆఫీసు ఖాళీ చేయాల్సి వస్తే పనికొచ్చేది ఆ డబ్బే. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని ఒక్కసారిగా ఆపేసి, జులై నాటికి ఆ సాయం పంచే యూఎస్ ఎయిడ్ అనే సంస్థనే మూసేసింది. ఆ డబ్బు మీద నడిచే చాలా కార్యక్రమాలు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. కాబట్టి విందు భోజనాన్ని చూసి మూతి విరిచే ముందు ఇది కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఈ రంగంలో బాగా తెలిసిన పేరు విమెన్ ఫర్ విమెన్ ఇంటర్నేషనల్. దాని పుట్టుక గాలాలతో మొదలవలేదు. బాగ్దాద్‌లో పుట్టిన జైనబ్ సల్బీ తండ్రి సద్దాం హుస్సేన్ సొంత పైలట్. 1990లో పెద్దలు కుదిర్చిన పెళ్లి కోసం ఆమె అమెరికా వచ్చింది. ఆ తర్వాత ఇరాక్ కువైట్‌ని ఆక్రమించడంతో తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. ఆ పెళ్లి నిలవలేదు. 1993లో, రెండో భర్త అంజద్ అతల్లాతో హనీమూన్‌కని దాచుకున్న డబ్బుతో, బోస్నియా యుద్ధంలో మూకుమ్మడి అత్యాచారాలకు గురైన మహిళలకు ఏదైనా చేద్దామని క్రొయేషియా వెళ్లింది. మొదట సాయం అందింది 33 మందికి. పద్ధతి చాలా సింపుల్: అమెరికాలో ఒకావిడ నెలనెలా కొంత డబ్బు పంపుతుంది, దానితోపాటు ఉత్తరం రాస్తుంది, అవతలి ఆవిడ జవాబు రాస్తుంది. తర్వాత్తర్వాత అది ఏడాది కోర్సుగా మారింది. ఇరవై అయిదు మంది చొప్పున గ్రూపు, హక్కులూ ఆరోగ్యం గురించి పాఠాలు, ఏదో ఒక చేతి పని, గ్రూపులో పొదుపు, నెలకు కొంత నగదు. మన డ్వాక్రా సంఘాల్లో పనిచేసినవాళ్లకి ఇందులో సగం వినగానే అర్థమైపోతుంది. తేడా ఏంటంటే ఇక్కడ నగదుకి లెక్క చెప్పమని ఎవరూ అడగరు. పిల్లాడి ఫీజు కట్టినా, మేకని కొన్నా ఆమె ఇష్టం. ఇప్పటిదాకా ఐదు లక్షల మందికి పైగా మహిళలకు చేరామని సంస్థ చెబుతోంది. 2006లో హిల్టన్ మానవతా పురస్కారం దానికి వచ్చింది.

సల్బీ తన ఉపన్యాసాల్లో చెప్పే ఒక సంఘటన ఉంది. గాలాల గురించి ఇంత రాయడానికి కారణం అదే. 2004 ప్రాంతంలో తూర్పు కాంగోలో ఆమె ఒక మహిళతో మాట్లాడింది. తన మీదా, తన కూతుళ్ల మీదా జరిగిన దారుణాలన్నీ ఆ మహిళ చెప్పింది. ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదని కూడా చెప్పింది. మరి నేనేం చేయాలి, దాచిపెట్టనా అని సల్బీ అడిగింది. దానికి ఆమె ఇచ్చిన జవాబు సారాంశం ఇది: నాకే గనక వీలైతే ప్రపంచమంతటికీ చెప్పేదాన్ని, ఇంకొకరికి ఇలా జరగకూడదని, నా వల్ల కాదు, నీ వల్ల అవుతుంది, వెళ్లి చెప్పు, మా ఇరుగుపొరుగుకి మాత్రం తెలియనీయకు. అప్పటిదాకా వేరేవాళ్ల చేత కథలు చెప్పిస్తూ తన కథ మాత్రం దాచుకున్న సల్బీ, ఆ తర్వాతే సద్దాం నీడలో గడిచిన తన బాల్యం గురించి రాయడానికి ధైర్యం చేసింది.

ఆ షరతు చూడండి. ఆమె సమ్మతి ఇచ్చింది, కానీ గీత గీసి ఇచ్చింది. 2004లో కాంగో పల్లెకీ అమెరికా హాలుకీ మధ్య ఉన్న దూరమే ఆమెకి రక్షణ. ఇవాళ గాలా వీడియో రాత్రి పదింటికి యూట్యూబ్‌లో పడితే తెల్లారేసరికి ఆ ఊరి కుర్రాడి ఫోన్‌లో ఉంటుంది. అందుకని 'ఆమే ఒప్పుకుంది, సంతకం కూడా పెట్టింది' అని సంస్థ చెబితే సరిపోదు. ఎవరి ముందు చెప్పడానికి ఒప్పుకుంది? ఎన్నాళ్లకి? తర్వాత వద్దంటే ఆ వీడియో తీసేస్తారా?

ఇరుగుపొరుగు భయం ఎంత నిజమో తెలుసుకోవడానికి కాంగో దాకా వెళ్లక్కర్లేదు. 1971 యుద్ధం తర్వాత బంగ్లాదేశ్ ప్రభుత్వం అత్యాచారాలకు గురైన మహిళలకు 'బీరాంగన', అంటే వీరనారి, అని బిరుదిచ్చింది. ఒక కొత్త దేశం వాళ్లని తలదించుకోవద్దని బహిరంగంగా చెప్పడం అప్పటికి చిన్న విషయమేమీ కాదు, అప్పటి దేశ నేత షేక్ ముజీబ్‌కి ఆ మాత్రం మెచ్చుకోలు ఇవ్వాల్సిందే. కానీ బిరుదు తగిలించుకుని ఊళ్లోకి వెళ్లినవాళ్లని ఊరు వేలెత్తి చూపింది. 1992 మార్చి 26న ఢాకాలో యుద్ధ నేరస్తుల మీద గణ అదాలత్, అంటే జనమే పెట్టుకున్న ప్రజా న్యాయస్థానం, జరిగినప్పుడు కుష్టియా ప్రాంతం నుంచి ముగ్గురు పేద మహిళల్ని తీసుకొచ్చారు. వాళ్ల ఫొటో పేపర్లలో పడింది. దేశానికి వాళ్లు ప్రతీకలైపోయారు. తిరిగి వెళ్లాక సొంత ఊళ్లో సూటిపోటి మాటలు పడ్డారు. వాళ్లకి స్వాతంత్ర్య సమరయోధుల హోదా, దాంతోపాటు వచ్చే భత్యం దక్కడానికి 2015 దాకా పట్టింది. మొదటి విడతలో ఆ హోదా వచ్చింది 41 మందికి. మిగతావాళ్లలో ఎంతమంది అప్పటికే పోయుంటారో ఊహించుకోండి.

ఇక కొరియా కథ. గాలాలు చేసే ఏ సంస్థ అయినా దీన్ని చదివి తీరాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం 'కంఫర్ట్ విమెన్' అనే పేరుతో లైంగిక బానిసత్వంలోకి నెట్టిన మహిళల్లో కిమ్ హాక్-సున్ 1991 ఆగస్టులో, కొరియాలో మొదటిసారి, తన పేరుతో, తన ముఖంతో కెమెరాల ముందుకొచ్చింది. 1992 జనవరి నుంచి సియోల్‌లో జపాన్ రాయబార కార్యాలయం ముందు ప్రతి బుధవారం నిరసన మొదలైంది. జపాన్ 1995లో ఆసియన్ విమెన్స్ ఫండ్ అని పెట్టి ఒక్కో బాధితురాలికి 20 లక్షల యెన్‌లు ఇస్తామంది. అయితే ఆ 20 లక్షలూ జపాన్ ప్రజల దగ్గర పోగుచేసిన విరాళాలు. వైద్యం, సంక్షేమం లాంటి వాటికి మాత్రమే ప్రభుత్వం తన డబ్బు పెట్టింది. కొరియా, తైవాన్, ఫిలిప్పీన్స్‌లలో 285 మంది తీసుకున్నారు. కొరియాలో చాలామంది అవ్వలు వద్దన్నారు. డబ్బుల్లేక ఇబ్బంది పడుతున్నవాళ్లే వద్దన్నారు. మాకు ఈ పని చేసింది జపాన్ ప్రభుత్వం, జపాన్‌లో స్కూల్ టీచరో గుమాస్తానో జాలిపడి ఇచ్చిన డబ్బు మాకెందుకు అన్నది వాళ్ల వాదన. తీసుకున్నవాళ్లని తప్పుపట్టడం అన్యాయం, అప్పట్లో కొరియాలో వాళ్లని తిట్టినవాళ్లూ ఉన్నారు, అది ఆ ఉద్యమానికి మచ్చే. కానీ దానధర్మానికీ నష్టపరిహారానికీ తేడా ఏంటో వాళ్లకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. 2020 మేలో, 2007లో అమెరికా కాంగ్రెస్ ముందు సాక్ష్యం చెప్పిన ఆ బాధితుల్లో ఒకరైన లీ యోంగ్-సూ అనే తొంభై దాటిన పెద్దావిడ ప్రెస్ మీట్ పెట్టి, తమ కోసమే పుట్టిన సంస్థ ముప్పై ఏళ్లుగా తమని వాడుకుందని చెప్పింది. ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్ దగ్గర విరాళాలు పోగుచేసిన రోజు, ఆకలేస్తోంది ఏదైనా తిందామంటే డబ్బుల్లేవన్నారట. గంతులేసింది ఎలుగుబంటి, డబ్బు తీసుకున్నది ఇంకొకరు అనే కొరియన్ సామెతని ఆమె వాడింది. ఆ సంస్థకు అంతకుముందు నాయకత్వం వహించి, ఆ ఏడాదే పార్లమెంటుకి ఎన్నికైన యూన్ మి-హ్యాంగ్ మీద కేసు పడింది. నిధులు స్వాహా చేశారన్న నేరం రుజువై, ఏడాదిన్నర జైలు శిక్షను సస్పెన్షన్‌లో పెడుతూ ఇచ్చిన తీర్పుని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. 2025 ఆగస్టులో ఆమెకు ప్రత్యేక క్షమాభిక్ష దొరికింది. అదే 2020లో, కొందరు అవ్వలు ఉండే 'హౌస్ ఆఫ్ షేరింగ్' అనే ఆశ్రమం మీద స్థానిక ప్రభుత్వం విచారణ చేయిస్తే, ఐదేళ్లలో వచ్చిన 880 కోట్ల వాన్‌ల విరాళాల్లో ఆశ్రమానికి చేరింది 2.3 శాతమేనని తేలింది. మిగతా డబ్బంతా ఎవరో తినేశారని కాదు, కొంత స్థలాలకీ భవనాలకీ ఖర్చుపెట్టారు, మిగతాది ముందుముందు కట్టడాలకని పోగేసి పెట్టారు. నన్నడిగితే ఇదే ఎక్కువ కలవరపెట్టే విషయం. ఉద్దేశపూర్వకంగా దొంగతనం చేయకుండానే, బాధితుల పేరు మీద వచ్చిన డబ్బు వాళ్ల పక్క నుంచి వెళ్లిపోగలదు.

అయితే మరి ప్రభుత్వాలే ఇవ్వాలి, కోర్టులే ఇప్పించాలి, గాలాలు ఎందుకు అంటారా? సిద్ధాంతంలో కరెక్టే. ఆచరణలో ఏమవుతోందో చూడండి. బోస్నియాలో 1992-95 యుద్ధం తర్వాత హేగ్‌లోని యుద్ధ నేరాల ట్రిబ్యునల్ 2001లో ఫోచా అనే ఊరి కేసులో అత్యాచారాన్నీ, లైంగిక బానిసత్వాన్నీ మానవాళిపై నేరాలుగా తేల్చి ముగ్గురికి 28, 20, 12 ఏళ్ల శిక్షలు వేసింది. చరిత్రాత్మక తీర్పే. కానీ బాధితులకు పరిహారం ఇమ్మనే అధికారం ఆ ట్రిబ్యునల్‌కి లేదు. స్థానిక కోర్టుల్లో 2015 నుంచి పరిహారం ఇమ్మని తీర్పులు రావడం మొదలైంది, తీరా చూస్తే నేరస్తుడి పేరు మీద ఆస్తి ఉండదు. అలాంటి ఒక మహిళ ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక కమిటీకి వెళితే, నేరస్తుడు కట్టలేకపోతే ప్రభుత్వమే కట్టాలని 2019లో కమిటీ చెప్పింది. మరోపక్క, సివిల్ దావా వేసిన కొందరు మహిళల కేసుల్ని కాలదోషం పట్టిందని కొట్టేసి, ఎదుటి పక్షం కోర్టు ఖర్చులు కూడా వాళ్ల చేతే కట్టించబోయారు. నిజంగానే.

ఇంకా విడ్డూరం అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుది. ఉగాండాలో లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అనే తిరుగుబాటు దళం కమాండర్ డొమినిక్ ఓంగ్వెన్‌కి, బలవంతపు పెళ్లి, బలవంతపు గర్భం లాంటి నేరాలు సహా 2021లో శిక్ష పడింది. 2024 ఫిబ్రవరిలో కోర్టు దాదాపు 50 వేల మంది బాధితులకు 5 కోట్ల 24 లక్షల యూరోల పరిహారం ప్రకటించింది, అందులో మనిషికి 750 యూరోలు ప్రతీకాత్మకంగా చేతికివ్వాలి. ఓంగ్వెన్ దగ్గర చిల్లిగవ్వ లేదు. కాబట్టి ఆ డబ్బు కోర్టుకి అనుబంధంగా ఉన్న బాధితుల ట్రస్ట్ ఫండ్ సమకూర్చాలి. ఆ ఫండ్‌లోకి డబ్బు ప్రధానంగా ఎక్కడి నుంచి వస్తుంది? దేశాలూ దాతలూ స్వచ్ఛందంగా ఇచ్చే విరాళాల నుంచే. అంటే ప్రపంచ స్థాయి క్రిమినల్ కోర్టు కూడా తన తీర్పు అమలు చేయడానికి చందా పుస్తకం పట్టుకోవాల్సిందే. 2018లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్న కాంగో డాక్టర్ డెనిస్ ముక్వేగే, ఐసిస్ చెర నుంచి బయటపడ్డ యాజిదీ మహిళ నాదియా మురాద్ మరుసటి ఏడాదే గ్లోబల్ సర్వైవర్స్ ఫండ్ మొదలుపెట్టింది ఈ ఖాళీని చూసే. ప్రభుత్వాలు ఇచ్చేదాకా మధ్యంతర పరిహారం ఇవ్వడం, ఆ పథకం ఎలా ఉండాలో బాధితులతోనే కూర్చుని తేల్చడం వాళ్ల పద్ధతి. ఇరాక్ 2021 మార్చిలో ఐసిస్ చెరలో మగ్గిన, యాజిదీ అనే మైనారిటీ వర్గపు మహిళల కోసం నెలసరి భృతితో చట్టం చేసింది గానీ, తర్వాత దరఖాస్తుతోపాటు క్రిమినల్ కంప్లయింట్ కూడా పెట్టాలని మెలిక పెట్టారు. చెప్పినవాళ్లనే మళ్లీ చెప్పమనడం అన్నమాట.

అందుకే గాలాలు ఇంకా చాలాకాలం ఉంటాయి. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకి ఆఫీసు ద్వారా ఇలాంటి ఆహ్వానం వస్తే వెళ్లొద్దని చెప్పను. ముందు టికెట్ రసీదు చూడండి. 75 డాలర్లు దాటిన టికెట్‌కి మీరు పొందిన భోజనం వగైరా విలువ ఎంతో సంస్థ రాసివ్వాలి, దాన్ని తీసేసిన మిగతాకే పన్ను మినహాయింపు. వెయ్యి డాలర్ల టికెట్‌లో భోజనం విలువ 200 అయితే 800కే. ఉద్యోగి ఇచ్చిన విరాళానికి కంపెనీ తన వంతు జోడించే మ్యాచింగ్ కూడా చాలాచోట్ల ఆ భోజనం భాగానికి వర్తించదు, కొన్ని కంపెనీలు అసలు టికెట్లకే ఇవ్వవు, కాబట్టి గాలాకి వెళ్లే సరదా లేకపోతే అదే డబ్బు నేరుగా విరాళంగా రాసి మ్యాచింగ్ పెట్టుకోవడం మేలు. ఫారం 990 ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ సైట్‌లో సంస్థ పేరు కొడితే ఉచితంగా దొరుకుతుంది, షెడ్యూల్ జి లో మైనస్ చూసి కంగారుపడకుండా విరాళాల గడి, ఖర్చుల గడి రెండూ కలిపి లెక్కేయండి. బ్యాంకులో ఎంత పోగేసి పెట్టారో కూడా చూడండి, కొరియా ఆశ్రమం డబ్బు చాలావరకు ఇరుక్కుంది అలాగే. బోర్డులో బాధితులు ఎవరైనా ఉన్నారా, లేక వాళ్లకి స్టేజీ మీద మాత్రమే చోటుందా అన్నది వెబ్‌సైట్‌లో ఐదు నిమిషాల పని.

ఆ రాత్రి ఆమె మాట్లాడుతుంటే ఫోన్ తీసి రికార్డ్ చేయకండి. నిర్వాహకులు చేస్తున్నారు కదా అంటారేమో. బాధితుల దగ్గర వివరాలు సేకరించేవాళ్ల కోసం 2022లో వచ్చిన మురాద్ కోడ్ వాళ్లని కట్టడి చేయడానికి రాసిందే, దాన్ని మీరు పాటిస్తున్నారా అని నిర్వాహకుల్ని అడగండి. పాటిస్తున్నాం అంటే, పోయినేడాది వీడియోలో ఉన్న ఆవిడ ఇప్పుడు దాన్ని తీసేయమంటే ఎన్ని రోజుల్లో తీస్తారో కూడా అడగండి.